నడుం తిరిగితేనే వల

వైజాగ్‌లో లాసన్స్‌ బే దగ్గర గానీ, ఆర్కే బీచ్‌లో గానీ ఎవరైనా మోకాలి లోతు నీళ్లలో నిలబడి విసురు వల వేస్తుంటే జనం ఆగి వలనే చూస్తారు. గాల్లో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడుతుంటే ఎవరికైనా చూడబుద్ధేస్తుంది. నా చూపు మాత్రం ఆ మనిషి నడుం మీదికి పోతుంది. ఎప్పుడు తిరిగింది, చేతుల కంటే ముందు తిరిగిందా, తర్వాత తిరిగిందా అని. పదేళ్లు దాటినా ఈ అలవాటు పోలేదు. నాకు ఈ అలవాటు చేసింది మత్స్యకారులుండే పెదజాలారిపేట కుర్రాడొకడు, వాళ్ల నాన్న.

అది 2014 ఎండాకాలం. రాష్ట్రం రెండుగా విడిపోతున్న రోజులు, ఎక్కడ విన్నా అదే మాట. నేను బ్యాంకులో పనిచేస్తూ పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా పెదవాల్తేరు వైపు ఒక గ్రౌండులో పిల్లలకు బేస్‌బాల్‌ నేర్పేవాణ్ణి. కాలేజీ రోజుల్లో సాఫ్ట్‌బాల్‌ ఆడాను, తర్వాత బేస్‌బాల్‌. ఉద్యోగం వచ్చాక ఆట ఆగిపోయింది కానీ మనసు గ్రౌండులోనే ఉండిపోయింది. నన్నెవరూ పిలవలేదు, జీతం గీతం లేవు. నలుగురు పిల్లలు వచ్చారు, వాళ్లు పద్దెనిమిది మంది అయ్యారు.

వైజాగ్‌లో బేస్‌బాల్‌ ఏమిటండీ అని ఇప్పటికీ అడుగుతారు. స్కూల్‌ గేమ్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్‌ రెండూ ఉన్నాయి. జిల్లా జట్టుకి సెలక్షన్లు జరుగుతాయి, అక్కణ్ణుంచి రాష్ట్ర జట్టుకి. సర్టిఫికెట్‌ వస్తే రేపు ఎక్కడో ఒకచోట పనికొస్తుందని తల్లిదండ్రుల ఆశ. పిల్లలకైతే నేను రింకూ సింగ్ (ఇప్పటి క్రికెటరు కాదు), దినేశ్‌ పటేల్‌ గురించి చెప్పేవాణ్ణి. ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్‌ విసురుకునే కుర్రాళ్లు 2008లో అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్‌ పైరేట్స్‌ అనే బేస్‌బాల్‌ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పమనేవాళ్లు.

మా దగ్గర సామాను చాలా తక్కువ. మీరట్‌ నుంచి తెప్పించిన రెండు అల్యూమినియం బ్యాట్లు, ఒక చెక్క బ్యాట్, చిరుగులు పడ్డ గ్లవ్స్, ఐదో ఆరో బంతులు. బేస్‌బాల్‌ బంతికి ఎర్రదారంతో 108 జంట కుట్లుంటాయి. మా గ్రౌండు గులకరాళ్లకి ఆ కుట్లు నెల తిరక్కుండా తెగిపోయేవి. ఎంవీపీ కాలనీలో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన మైనం పట్టించిన దారంతో వాటిని మళ్లీ కుట్టిపెట్టేవాడు. మొదటిసారి ఇచ్చినప్పుడు బంతిని తిప్పి తిప్పి చూసి, ఒక్కో కుట్టూ వేలితో తడిమి, ‘ఇది ఎవరో ఓపికగల మనిషి కుట్టింది బాబూ’ అన్నాడు.

బంతిని కదలకుండా నిలబెట్టి కొట్టడానికి టీ అనే స్టాండు కావాలి. సిమెంటు నింపిన పెయింటు డబ్బాలో పీవీసీ పైపు పాతి, పైన మెకానిక్‌ షెడ్డులో పారేసిన రేడియేటర్‌ రబ్బరు గొట్టం ముక్క తొడిగాం. గ్రౌండు మూల తురాయి చెట్టుకి పాత లారీ టైరు కట్టాం. పిల్లలు దాన్ని బ్యాటుతో బాదుతుంటే పక్క వీధి దాకా వినిపించేది.

వచ్చిన పిల్లలంతా క్రికెట్‌ చేతులే. బంతి సైజులో పెద్ద తేడా లేదు. క్రికెట్‌ బంతి 156 నుంచి 163 గ్రాములుంటే ఇది 142 నుంచి 149. కానీ ఇక్కడ బంతి నేలకు తగిలి లేవదు, గాల్లోనే వస్తుంది. బంతి విసిరే పిచ్చర్‌ నిలబడేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో. ఆ వయసు పిల్లలు విసిరినా బంతి అర సెకను పైచిలుకులో మీదికొచ్చేస్తుంది. బ్యాటు చూస్తే గుండ్రం, ఎంత లావున్నచోటైనా మూడంగుళాలుండదు. బల్లపరుపుగా ఉండే బ్యాటుకి అలవాటు పడ్డ పిల్లలకి మొదటి నెలంతా గాలిని కొట్టడమే సరిపోయేది.

ఆ కుర్రాడి పేరు రాయను. చిన్నోడు అనే పిలిచేవాళ్లం. తొమ్మిది పూర్తిచేసి పదికి వెళ్లబోతున్నాడు. సన్నటి మనిషి, భుజాలు మాత్రం పెద్దవాళ్ల భుజాల్లా ఉండేవి. సెంటర్‌ ఫీల్డ్‌ చివర్నుంచి, అంటే గ్రౌండు దూరపు అంచు నుంచి విసిరితే బంతి ఒక్క టప్పా పడి బ్యాటరు వెనకుండే క్యాచర్‌ గ్లవ్‌లోకి వచ్చేది. పరిగెత్తితే మట్టి లేచేది. అన్నీ ఉన్నాయి, కొట్టడం ఒక్కటే రాలేదు.

లోపం ఎక్కడుందో కనిపెట్టడం కష్టం కాలేదు. పిచ్చర్‌ బంతి వదిలేదాకా అంతా బాగానే ఉండేది. కాళ్లు ఎడంగా, మోకాళ్లు కొద్దిగా వంచి, బ్యాటు కుడి భుజం వెనక. బంతి బయల్దేరగానే రెండు చేతులూ ఒంటిని విడిచి ముందుకు చాచుకుపోయేవి. బ్యాటు పెద్ద ఇనపగేటు తెరిచినట్టు బారెడు చుట్టు తిరిగి వచ్చేది. అది వచ్చేసరికి బంతి వెళ్లిపోయేది. దూరంగా వేసిన బంతి తగిలినా మణికట్టు ముందే తిరిగిపోయి నేలబారుగా షార్ట్‌స్టాప్‌ అనే ఫీల్డరు చేతిలోకి పోయేది. ఒంటికి దగ్గరగా వేసిన బంతైతే పిడి దగ్గర తగిలి చేతులు జివ్వుమనేవి. అప్పుడు వాడు బ్యాటు కింద పడేసి రెండు అరచేతులూ తొడలకి రుద్దుకునేవాడు. ‘నొప్పా?’ అంటే ‘లేద్సార్‌’ అనేవాడు.

చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. చేతులు చాచి దూరంగా తిరిగితే మెల్లగా తిరుగుతాం, దగ్గరికి లాక్కుంటే గిర్రున తిరుగుతాం. బ్యాటింగ్‌ కూడా అంతే. కుడి మోచెయ్యి పక్కటెముకల్ని రాసుకుంటూ రావాలి, ముందు బ్యాటు పిడి కొస బంతివైపు రావాలి, బ్యాటు చివర చిట్టచివర్న విసురుగా తిరగాలి. చేతులు ముందే చాచేస్తే ఆ విసురంతా దారిలోనే ఖర్చయిపోతుంది.

ఆ లోపానికి బేస్‌బాల్‌లో కాస్టింగ్‌ అని పేరు. గాలం విసరడం, వల విసరడం అని ఆ మాటకి అర్థం. గాలం కర్ర విసిరేవాడి చేతుల్లా బ్యాటరు చేతులు చాచుకుపోతాయని ఆ పేరు పెట్టారు.

నేను రోజూ ‘చేతులు దగ్గర పెట్టుకోరా’ అని చెప్పాను. ఒక పొద్దుటికి కనీసం ముప్పైసార్లు చెప్పి ఉంటాను. చెప్పేకొద్దీ వాడు బిగుసుకుపోయాడు. మెడ నరాలు పైకి తేలేవి, దవడలు బిగిసేవి, టెన్షన్‌తో బ్యాటు పట్టే పట్టులో వేళ్లు తెల్లబడేవి. తర్వాత గోడ పద్ధతి పెట్టాను. బ్యాటు పిడి పొట్టకి ఆనించి, రెండో కొస గోడకి తగిలేంత దూరంలో నిలబడి స్వింగ్‌ చెయ్యాలి. చేతులు చాస్తే బ్యాటు గోడకి కొట్టుకుంటుంది. మొదటి రోజు సున్నం పెళ్లలు పెళ్లలుగా రాలింది. నాలుగో రోజుకి బ్యాటు గోడకి తగలడం మానేసింది, నేను సంతోషించాను. తీరా చూస్తే వాడు ఒళ్లంతా వెనక్కి వాల్చి గోడను తప్పించుకుంటున్నాడు. బంతి ముందు నిలబడితే మళ్లీ అదే గేటు.

ఒకరోజు ప్రాక్టీస్‌ మ్యాచ్‌లో వరసగా మూడుసార్లు అవుటయ్యాడు. నాకు విసుగొచ్చి అందరి ముందూ అనేశాను. ‘ఒరే, నువ్వు బ్యాటింగ్‌ చెయ్యట్లేదురా, వల వేస్తున్నావు’ అని.

ఆటలో దాన్ని అలాగే పిలుస్తారు కదా అన్న ధ్యాసలో అన్నాను. కానీ అన్నది ఎవర్ని? జాలారిపేట పిల్లాణ్ణి. చుట్టూ ఉన్న పిల్లలు గొల్లున నవ్వారు. వాడు నవ్వలేదు. బ్యాటు టీ పక్కన జాగ్రత్తగా పడుకోబెట్టి, గ్లవ్‌ తీసి సంచిలో పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఆ మాట ఇప్పుడు రాస్తున్నా నాకు కష్టంగానే ఉంది.

వారం చూసి, ఒక సాయంత్రం స్కూటర్‌ వేసుకుని పెదజాలారిపేట వెళ్లాను. ఏప్రిల్‌ 15 దాటింది. ఆ రోజు నుంచి బోట్లకి వేట నిషేధం. ఇప్పుడు 61 రోజులు గానీ అప్పట్లో 47 రోజులు, మే నెలాఖరు దాకా. చేపలు గుడ్లుపెట్టే కాలం. ఇసక మీద మగవాళ్లంతా వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నారు. వాళ్ల నాన్న హార్బర్‌లో ఒక బోటు మీద కళాసీ. ఆ రోజు ఒడ్డున విసురు వల వేస్తున్నాడు, ఇంట్లో కూరకి.

నన్ను చూసి వల భుజాన వేసుకుని వచ్చాడు. ‘రండి మేష్టారూ’ అన్నాడు. కొంచెం సేపు ఎండ గురించీ, నిషేధం గురించీ మాట్లాడాం. తర్వాత ఆయనే ఎత్తాడు. ‘తమరన్నారంట గదా, వలేస్తన్నావని.’

కోపంగా అనలేదు. నేను ఏదో సర్దిచెప్పబోతే తలూపి, ‘వలెయ్యడం ఆడికి వచ్చండి. ఎనిమిదో ఏట నుంచి ఏస్తన్నాడు. రండి, సూద్దురు గాని’ అని నీళ్లవైపు నడిచాడు.

వైజాగ్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, వల వెయ్యడం వెయ్యిసార్లు చూసుంటాను. ఆ రోజే మొదటిసారి చూశాననిపిస్తుంది. వల తాడు ఎడమ మణికట్టుకి బిగించాడు. తడివల మడతలు మడతలుగా పోగేసి, కొంత ఎడమ మోచేతి మీద వేసుకుని, అంచు ఒకచోట పళ్లతో పట్టుకున్నాడు. అంచు పొడుగునా ఉన్న సీసపు గుళ్లు మోకాలికి తగిలి టకటకలాడాయి. తర్వాత వీపు దాదాపు సముద్రం వైపు వచ్చేదాకా ఒళ్లు తిప్పాడు. బరువంతా కుడికాలి మీద. ఒక్క క్షణం అలా ఆగాడు. ముందు ఎడమకాలు, దాని వెంట నడుం, పొట్ట సముద్రం వైపు తిరిగాయి. చేతులు ఇంకా కుడి తుంటి దగ్గరే ఉన్నాయి. అన్నీ తిరిగాక, చిట్టచివర్న, చేతులు వచ్చాయి. వల విచ్చుకుంది.

‘చేత్తో ఇసిరితే ఇప్పుకోదు మేష్టారూ, ముద్దగా పడిపోద్ది’ అన్నాడు తాడు లాగుతూ. ‘నడుం తిరగాల. చేతులు దాని ఎనకాల రావాల.’

నాకు నోట మాట రాలేదు. నెల రోజులుగా ఆ కుర్రాడికి నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట అదే. పైగా, వాడు నిజంగా వల వేసినట్టే కొట్టి ఉంటే ఎప్పుడో కొట్టేసేవాడు.

వాణ్ణి పిలిపించాం. నావైపు చూడకుండా వచ్చి వల అందుకున్నాడు. అచ్చం వాళ్ల నాన్నలాగే తిరిగాడు, ముందు నడుం, తర్వాత చేతులు. వల ఇంకా గుండ్రంగా విచ్చుకుంది. తాడు లాగుతుంటే దగ్గరకెళ్లి, ‘ఆ రోజు నేనన్నది తప్పురా’ అన్నాను. వాడు పాదాల మీంచి వెళ్తున్న నురగ చూస్తూ ‘పర్లేద్సార్‌’ అన్నాడు. కాసేపాగి, ‘బ్యాటు తెచ్చారా?’ అన్నాడు.

బ్యాటు స్కూటర్‌ ముందరే ఉంది.

తడి ఇసక మీద నిలబెట్టి, ‘చేతులు మర్చిపో. వల వెయ్యి’ అన్నాను. మొదటి నాలుగైదూ తికమకగా వచ్చాయి. ఆరోదో ఏడోదో, బ్యాటు గాలిని కోసిన శబ్దం మారింది. అప్పటిదాకా ‘హూ’ అని మొద్దుగా వచ్చేది, ఇది సన్నగా, పదునుగా వచ్చింది, అదీ ఒంటి వెనక కాకుండా ముందు. వాడు నావైపు చూశాడు. నేను వాడి కాళ్లవైపు చూస్తున్నాను. పాత పద్ధతిలో కొట్టినప్పుడు ఇసకలో రెండు పాదాలూ చదునుగా అచ్చుపడ్డాయి. ఇప్పుడు కుడిపాదం ఉన్నచోట బొటనవేలు తిరిగి చిన్న గుంట పడింది, మడమ అచ్చు చెదిరిపోయింది. నడుం తిరిగితే తప్ప ఆ గుంట పడదు. నాన్న కూడా వంగి చూశాడు. ‘వలేసినప్పుడూ అలగే పడతాది’ అన్నాడు.

ఆ తర్వాత రెండు వారాలు గ్రౌండు మానేసి ఒడ్డునే చేశాం. అల వెళ్లిపోగానే ఇసక నున్నగా పలకలా ఉంటుంది. ఒక స్వింగ్, ఒక గుంట. గుంట పడకపోతే వాడే తల అడ్డంగా ఊపి మళ్లీ నిలబడేవాడు. నేను నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు.

ఇక్కడితో సరైపోయిందని రాస్తే అబద్ధం. గాలిలో స్వింగ్‌ వేరు, బంతి వేరు. టీ మీద బంతి పెట్టి, బ్యాటరు పక్కన నేల మీదుండే 17 అంగుళాల ప్లేటుకి లోపలి అంచు దగ్గర సుద్దతో గీత గీసి, రోజుకి అరవై. తర్వాత తురాయి చెట్టు టైరు. తర్వాత పక్కనుంచి మెల్లగా ఎగరేసిన బంతి, తర్వాత ఎదుటనుంచి 15 అడుగుల్లో, 30 అడుగుల్లో. ఒక్కో అడుగు దూరం పెరిగినప్పుడల్లా పాత గేటు ఒకటి రెండు రోజులు తిరిగొచ్చేది. భయం వేస్తే చేతులు ముందు పరిగెడతాయి, అది మనిషి స్వభావం. అలాంటప్పుడు వెనక్కి టీ దగ్గరికి వెళ్లేవాళ్లం, సణుక్కోకుండా.

జులైలో ఒకరోజు అసలు పిచ్చర్‌ ముందు నిలబడి వరసగా అవుటై, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అమెరికా బ్యాటరు టెడ్‌ విలియమ్స్‌ గురించి చెప్పాను. 1941లో ఆయన సగటు .406, అంటే వెయ్యింట 406 హిట్లు. అంత గొప్ప ఏడాదిలో కూడా పదింట ఆరుసార్లు కొట్టలేకపోయినట్టే లెక్క అన్నాను. వాడు ముక్కు తుడుచుకుని, ‘మా నాన్నకీ అంతే సార్, పది వలలేస్తే ఆరింట్లో నాచే వస్తాది’ అన్నాడు.

సెప్టెంబరులో జిల్లా జట్టుకి ఎంపికయ్యాడు. అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్‌ తుపాను వచ్చింది.

ఆ రోజు గురించి వైజాగ్‌వాళ్లకి నేను చెప్పేదేముంది. గంటకి 180 కిలోమీటర్ల గాలి ఊరి మీంచే దాటింది. మర్నాడు చూస్తే కైలాసగిరి మాడిపోయిన రంగులో ఉంది. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. మూడో రోజు నడుచుకుంటూ జాలారిపేట వెళ్లాను. మనుషులు క్షేమం. ఇంటి కప్పు లేచిపోయింది, వాళ్ల నాన్న పనిచేసే బోటు హార్బర్‌లో పక్క బోట్లకి కొట్టుకుని దెబ్బతింది. ఆయన చిక్కుపడ్డ వల ఒళ్లో పెట్టుకుని ఒక్కో ముడీ విప్పుతున్నాడు. నన్ను చూసి, ‘ఆడి ఆట ఆగదు గదా మేష్టారూ?’ అన్నాడు. అన్నీ పోయి కూర్చున్న మనిషి మొదట అడిగిన మాట అది.

గ్రౌండులో తురాయి చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. పది రోజులకి పిల్లలు ఇళ్లనుంచి కత్తులు, గొడ్డళ్లు తెచ్చి కొమ్మలు కొట్టారు. చిన్నోడు కొమ్మల కిందికి పాక్కుంటూ దూరి టైరుని బయటికి లాగాడు. దాన్ని గోల్‌పోస్ట్‌కి కట్టాం.

అంతర జిల్లా పోటీలు నవంబరు చివర రాయలసీమలో ఒక ఊళ్లో జరిగాయి. మొదటి రెండుసార్లూ వాడికి దూరంగా వేశారు, ఏమీ కాలేదు. మూడోసారి ఆ పిచ్చర్‌, పొడగరి, బంతిని సరిగ్గా ఒంటికి దగ్గరగా వేశాడు. ఆర్నెల్ల కిందట పిడికి తగిలి చేతులు జివ్వుమన్న బంతే. నేను బంతిని చూడలేదు. వాడి నడుం చూశాను. బెల్టు బకిల్‌ పిచ్చర్‌ వైపు తిరిగింది, చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. తర్వాత ‘టంగ్‌’ మని శబ్దం. అల్యూమినియం బ్యాటు సరైనచోట తగిలితే గుడిగంటలా మోగుతుంది, విన్నవాళ్లకి తెలుసు. బంతి థర్డ్‌ బేస్‌ కుర్రాడి తల మీంచి వెళ్లి లైనుకి లోపల పడింది. వాడు రెండో బేస్‌ దాకా పరిగెత్తి, నిలబడి, తన కుడి బూటు కింద మట్టిని చూసుకున్నాడు.

మ్యాచ్‌ ఓడిపోయాం. వాడు ఇంకో ఏడాది ఆడాడు, ఇంటర్‌ తర్వాత డీజిల్‌ ఇంజిన్ల పని నేర్చుకున్నాడు. ఇప్పుడు హార్బర్‌లో బోట్ల ఇంజిన్లు బాగుచేస్తాడు. ఎక్కడ కనబడినా స్కూటర్‌ ఆపుతాడు.

ఆ రాత్రి మేము పడుకున్న స్కూలు గదిలో నా ఫోన్‌ మోగింది. వాళ్ల నాన్న. వెనక సముద్రం హోరు వినిపిస్తోంది. గెలిచారా అని అడగలేదు.

‘ఇప్పుకుందా మేష్టారూ?’ అన్నాడు.

‘విప్పుకుందండి’ అని, ఫోన్‌ వాడి చేతికిచ్చాను.